నేల దాచిన వాన

మార్గశిర పుష్య మాసాలలో జమ్మలమడుగు నుంచి పెద్దముడియం వైపు గాని, ప్రొద్దుటూరు నుంచి రాజుపాళెం వైపు గాని పోయే బాటసారికి దారికి రెండు ప్రక్కల కనుచూపు మేర పచ్చని పైరు కనిపిస్తుంది. ఆకాశంలో మబ్బు తునక ఉండదు. చాలా చేలకు కాలువ ఉండదు, బావి ఉండదు. విత్తిన తరువాత చినుకు రాలని ఏడు సైతం ఆ పైరు పూచి, కాచి, ఇల్లు చేరుతుంది. క్రొత్తగా చూచినవారికి ఇది వింతగా తోస్తుంది. అక్కడి రైతుకు మాత్రం ఇందులో వింత లేదు. ఈ పైరు తనపై కురిసే వానతో పండేది కాదని, తాను పుట్టక ముందే కురిసిన వానతో పండేదని అతనికి తెలుసు.

ఇది శనగ. కడప జిల్లా పల్లెలలో బుడ్డశనగ అంటారు. ఊరక శనక్కాయ అంటే అక్కడ వేరుశనగ అని అర్థం. అమెరికా ఖండం నుంచి వచ్చిన వేరుశనగకు తెలుగువారు పాత పంట పేరునే తగిలించినారు. ఇప్పుడు ఆ పాత పంటయే తన ఉనికి చెప్పుకొనడానికి ఒక విశేషణాన్ని అరువు తెచ్చుకోవలసి వచ్చినది.

కడప జిల్లాలో ఏటా పడే వాన సగటున సుమారు 700 మిల్లీమీటర్లు. అందులో సగానికి పైగా జూను మొదలు సెప్టెంబరు వరకు నైరృతి ఋతుపవనం వలన, మూడవ వంతుకు పైగా అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనం వలన లభిస్తుంది. పడమరకు పోయిన కొద్దీ ఈ లెక్క తగ్గుతుంది. పులివెందుల సీమ అనంతపురపు కరవు నేలకు పొరుగు. నైరృతి మేఘాలు పడమటి కనుమల మీదనే బరువు దింపుకొని తేలికపడి ఇక్కడికి వస్తాయి. ఈశాన్యపు మేఘాలు బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టి, తూర్పున ఉన్న కొండల వరుసలు దాటితే గాని ఇంత దూరం రావు. రెండు ఋతుపవనాలకూ ఈ ప్రాంతం చివరి ఊరే. చివరి ఊరికి బండి ఒక్కొక్క రోజు రాదు. వచ్చినప్పుడు ఒక్కొక్కసారి సామానంతా అక్కడనే దింపిపోతుంది.

ఇటువంటి చోట పప్పుధాన్యాలు పండడానికి ఆధారం ఆకాశం కన్న నేలయే. కుందూ, పెన్న నదుల పరిసరాలలోని జమ్మలమడుగు, మైలవరం, పెద్దముడియం, రాజుపాళెం, ముద్దనూరు, కొండాపురం ప్రాంతాలలోను, పులివెందులకు చేరువనున్న సింహాద్రిపురం, తొండూరు చేలలోను నల్లరేగడి విస్తారంగా ఉన్నది. ఈ మట్టిలో బంక పాలు మెండు. ఆ బంక రేణువులు పలుచని పొరల పేర్పులు. నీరు పొరల నడుమకు చేరగానే ఉబ్బుతాయి, ఎండగానే ముడుచుకొంటాయి. అందుకే వేసవిలో రేగడి చేను మనిషి కాలు దిగబడేటంత నెఱ్ఱెలు విచ్చుతుంది. ఆ నెఱ్ఱెలను చూచి నేల చచ్చినదనుకొనరాదు. తొలకరి నీరు లోతుకు దిగడానికి అవే దారులు. కొన్ని మంచి వానలు పడేసరికి మట్టి ఉబ్బి నెఱ్ఱెలు పూడుకొంటాయి. లోపలికి దిగిన నీరు అక్కడనే బందీ అవుతుంది. మంచి లోతు గల రేగడిలో ఒక మీటరు మందాన సుమారు 200 మిల్లీమీటర్ల వాన, మొక్క వేరు పీల్చుకొనగల రూపంలో నిలువ ఉండగలదు. ఇది కట్ట లేని చెరువు.

బడిలో దీనిని పరీక్షించి చూడడం కష్టం కాదు. అడుగున చిల్లులు పెట్టిన రెండు డబ్బాలలో గుడ్డ పరచి, ఒకదానిలో రేగడిమట్టి, మరొకదానిలో పులివెందుల ఎఱ్ఱమట్టి, సమానమైన తూకంలో ఎండబెట్టి పోయాలి. రెండింటిపైనా ఒకే కొలత నీరు పోసి, క్రిందికి కారిన నీటిని మరునాడు కొలిస్తే నేలల తారతమ్యం పిల్లలకు కంటితోనే తెలుస్తుంది. ఎఱ్ఱనేల ఇచ్చిన నీటిని త్వరగా వదలిపెడుతుంది. రేగడి పిసినారి, అయితే ఆ పిసినారితనమే మూడు నెలల పైరుకు అన్నం పెడుతుంది.

శనగ మంచుకు పండుతుందని తరచు వినిపించే మాట. చలికాలపు మంచు ఆకులను తడిపి, ప్రొద్దెక్కేదాక ఆవిరి కాకుండ కొంత ఆపుతుందన్నంత వరకు అది నిజమే. కాని ఆ తడి మొక్క దాహం తీర్చేటంతటిది కాదు. మంచు పైన కనిపిస్తుంది గనుక కీర్తి దానికి దక్కినది. పని చేసేది మీటరు లోతుకు పైగా దిగే తల్లివేరు. పైతడి ఆరినకొద్దీ వేరు క్రిందికి పోతుంది. ఆ దారిలో నేల బండ తగిలినా, లోతట్టు పొరలో నీరు లేకపోయినా పైరు సగంలోనే ఆగుతుంది. కడప నాపరాయికి పేరుపడిన ఈ సీమలో బండ తగలని లోతైన చేను దొరకడం రైతు అదృష్టం క్రిందనే లెక్క.

పైరు బ్రతుకు ఇట్లు ముందే నింపిన కుండ మీద ఆధారపడి ఉన్నది. కుండ ఒక్కటే, నింపడానికి మరల మనిషి రాడు. కాబట్టి ఎప్పుడు విత్తాలి అన్న ఒక్క ప్రశ్నలోనే ఏడాది వ్యవసాయమంతా ఇమిడి ఉంటుంది.

విత్తనానికి కాలం చిత్త, స్వాతి కార్తెలని పెద్దలమాట. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే పదమూడు పదునాలుగు రోజుల కాలమే కార్తె. చిత్త అక్టోబరు రెండవ వారంలో ప్రవేశిస్తుంది. స్వాతి నవంబరు తొలివారంతో ముగుస్తుంది. వ్యవసాయ శాస్త్రజ్ఞుల సలహా కూడ ఇంచుమించు ఇదే: అక్టోబరులో మొదలుపెట్టి నవంబరు నడిమికి విత్తనం ముగించాలని. ఇంత కచ్చితమైన గడువు ఎందుకన్నది విచారించదగిన విషయం.

తొందరపడితే ఏమవుతుంది? సెప్టెంబరులో నేల తడిగా, గాలి వేడిగా ఉంటుంది. ఆ రెండూ కలిసిన చోట మొలక మొదలు కుళ్లుతుంది. కుళ్లక బ్రతికిన మొక్క ఆకు మీద ఆకు వేసి ఏపుగా పెరుగుతుంది. ఆ సంబరంలో కుండలోని నీరు సగం త్రాగివేస్తుంది. ఆలస్యమైతే? విశాఖ దాటి విత్తిన పైరుకు గింజ పాలుపోసుకొనే వేళకు ఎండ ముదురుతుంది. కడపలో పగటి వేడి జనవరిలో సగటున 31 డిగ్రీల దాపున ఉండి, ఫిబ్రవరికి 34కు, మార్చికి 37 దాటి పోతుంది. సరిగా అదే సమయానికి క్రింద తడి కూడ అడుగంటుతుంది. పైన మంట, క్రింద ఎండు. కాయలో గింజ నొక్కులు పడుతుంది.

ఈ గడువులో రైతు చూచేది పంచాంగం కాదు, పదును. పిడికిట మట్టి పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, విడిస్తే చిట్లాలి. ఇంకా తడిగా ఉంటే గొర్రుకు మట్టి అంటుకొని సాలు సాగదు. రెండు మూడు రోజులు గాలి తోలిందంటే పైపొర బిగుసుకొని విత్తనం తడి అందుకోదు. పూర్వం పదునున్న నాలుగు రోజులలో విత్తనమంతా వేయడానికి ఊరి ఎడ్లన్నీ చాలేవి కావు. ట్రాక్టరు గొర్రు వచ్చిన తరువాత ఆ ఇబ్బంది తీరినది. పదును వచ్చినదా లేదా అన్న సంశయాన్ని మాత్రం ఏ యంత్రమూ తీర్చలేదు. ఎకరానికి 25 నుంచి 30 కిలోల విత్తనం కావాలి. పప్పుగింజలలో ఇంత బరువు విత్తనం అడిగే పైరు అరుదు. ఒకసారి విత్తి పోగొట్టుకొన్నవాడు రెండవసారి విత్తాలంటే, కౌలు కట్టి చేసుకొనేవాడైతే, అప్పు చేయక తప్పదు.

ఈ సంశయం ఎంతదాకా పోగలదో తెలియాలంటే రెండు సంవత్సరాలను ప్రక్కప్రక్కన పెట్టి చూడాలి. 2018లో ఈశాన్య ఋతుపవనం రాయలసీమలో ఘోరంగా విఫలమైనది. కుండ నిండలేదు. విత్తినవారు, విత్తనివారు ఒకే రీతిగా ఆకాశం చూస్తూ కూర్చున్నారు. 2021లో దీనికి విపర్యయం. నవంబరు 19న ఆ జిల్లాలోనే చెయ్యేటిపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినది. ఆ వారం రోజుల కుండపోతలో పడమటి మండలాల రేగడి చేలలో అప్పుడప్పుడే మొలచిన శనగ నీట నిలిచిపోయినది. నీటిని దాచే గుణమే అప్పుడు శత్రువైనది. ఎఱ్ఱనేల అయితే ఒక పూటలో వదిలించుకొనే నీటిని రేగడి రోజుల తరబడి పట్టుకొని ఉంటుంది. వేరుకు గాలి అందదు. మొక్క పసుపుబారి చచ్చిపోతుంది. చినుకు లేక ఎండిన చేనూ, చినుకు ఎక్కువై కుళ్లిన చేనూ మూడేళ్ల ఎడంలో ఒకే రైతు చూచినాడు. చేనిని వెడల్పైన ఎత్తు మడులుగా తీర్చి, నడుమ కాలువలు విడిచే పద్ధతిని పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధన క్షేత్రం రేగడి నేలల కొరకే ప్రచారం చేసినది. ఎక్కువైన నీరు కాలువల గుండా పోతుంది, కావలసినది మడిలో నిలుస్తుంది. మంచి ఉపాయమే, కాని చిన్న కమతాలలో, పై చేనివాని కాలువ క్రింది చేనివాని గట్టు మీదికి వచ్చినప్పుడు అది శాస్త్రం కన్న తగవుగానే పరిణమిస్తుంది.

అసలు శనగ ఈ వేడి నేలకు చెందిన పైరు కాదు. దాని జన్మస్థానం నేటి టర్కీదేశపు ఆగ్నేయ భాగం. అక్కడ మానవుడు సుమారు పదివేల యేళ్ల క్రిందట దానిని మచ్చిక చేసినాడు. మనదేశంలో సైతం అది చాలాకాలం ఉత్తరాది చలికి అలవాటుపడిన పంట. హరిత విప్లవంలో కాలువలు, గొట్టపుబావులు పెరిగి గోధుమ విజృంభించగా పంజాబు, హర్యానా, ఉత్తర ప్రదేశాలలో శనగకు చోటు లేకపోయినది. 1960ల నడుమ ఉత్తరాదిన సుమారు యాభై లక్షల హెక్టార్లలో ఉన్న పైరు, నలుబది ఏండ్లు గడిచేసరికి పది లక్షలకు లోబడినది. అక్కడ తగ్గినది మధ్య, దక్షిణ రాష్ట్రాలలో పెరిగినది. నీరు దొరికిన చోటు నుంచి తరిమివేయబడి, నీరు దొరకని చోట తలదాచుకొన్న పంట ఇది.

చల్లని సీమలో 150 రోజులు తీరికగా పెరిగే మొక్క, వేడి సీమలో అన్ని రోజులు బ్రతకలేదు. తడి ఆరక ముందే, ఎండ ముదరక ముందే పని ముగించుకొనే రకం కావాలి. దక్షిణాదిలో చాలాకాలం పండినది కర్ణాటకలోని అణ్ణిగేరి పేరు మీద వచ్చిన రకం. తరువాత ఇక్రిశాట్, జబల్‌పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి రూపొందించిన జె.జి. 11 అనే రకం 1999లో విడుదలయినది. అది 95 నుంచి 100 రోజులలో కోతకు వస్తుంది. ఎండు తెగులును తట్టుకొంటుంది. చిత్తలో విత్తితే జనవరి చివరకు కళ్లం చేరుతుంది. కాలంతో పోరాడడం కాక, కాలం నుంచి తప్పించుకొని పోవడం దాని విద్య. ఫలితం ఎంతటిదంటే, ఉమ్మడి ఆంధ్రప్రదేశంలో 2000 ప్రాంతాన సుమారు లక్ష హెక్టార్లు ఉన్న శనగ విస్తీర్ణం 2009 నాటికి ఆరు లక్షలకు పెరిగినది. హెక్టారు దిగుబడి రెట్టింపును మించినది. జొన్న, ధనియాలు, ప్రొద్దుతిరుగుడు, ప్రత్తి పండిన రేగడి చేలు శనగకు మారినవి. ఇందులో కొంత నష్టం కూడ ఉన్నదని చెప్పక తప్పదు. జొన్న పోయిన ఇంట పశువులకు చొప్ప పోయినది. నాలుగు పంటల మీద పంచుకొన్న ప్రమాదం ఇప్పుడు ఒక్క పంట నెత్తిన పడినది.

పూతకాలం ఈ పైరుకు గండం. రోజు మొత్తపు సగటు వేడి 15 డిగ్రీలకు తగ్గితే పూవు నిలువదు. ఉత్తరాదిన డిసెంబరు, జనవరి నెలలలో పూచిన తొలిపూత రాలిపోయేది అందుకే. దక్షిణాదికి ఆ బాధ లేదు. ఇక్కడి బాధ రెండవ కొస. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి జీవశక్తి సన్నగిల్లి, పూవు ఉన్నా పిందె కట్టదు. దూరాన నిలిచి చూచేవారికి చేను నిండుగానే కనిపిస్తుంది. దగ్గరకు పోయి కొమ్మ ఎత్తి చూస్తేనే కాయ లేని సంగతి బయటపడుతుంది.

శనగ మొక్క ఒంటినిండ సన్నని నూగు ఉంటుంది. ఆ నూగు కొసల నుంచి పుల్లని ద్రవం స్రవిస్తుంది. వేకువన చేనిపై పలుచని గుడ్డ పరచి, మంచుతో కలిసిన ఆ పులుపును పిండి తీయడం వైద్యులకు పూర్వం నుంచి తెలిసిన పని; చణకామ్లమని ఆయుర్వేదం పేర్కొన్నది అదే. అది మొక్కకు కవచం కూడ. అందులోని ఆమ్లాలు కాయతొలిచే పచ్చపురుగు ఎదుగుదలను అడ్డుతాయని పరిశోధనలు తేల్చినవి. పూతవేళ వాన పడితే ఆ కవచం కడుగుకొనిపోతుంది. పైగా మబ్బు పట్టిన రోజులు పురుగుకు అనుకూలం. రెండు చినుకులు పడితే మేలేగదా అని పట్నవాసి అనుకొనే రోజున రైతు ముఖం చిన్నబోవడానికి కారణం ఇది.

పప్పుజాతి మొక్కలు నేలకు బలమిస్తాయని పాఠ్యపుస్తకాలలో ఉన్నది. గాలిలోని నత్రజనిని వేరుబుడిపెలు పట్టి యిస్తాయని జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్తులు 1886-88 సంవత్సరాలలో నిరూపించినారు. పాఠ్యపుస్తకాలు చెప్పని మాట ఒకటున్నది: ఆ బుడిపెలలోని సూక్ష్మజీవులకు కూడ వాతావరణం కావాలి. నేల మరీ వేడెక్కితే బుడిపెలు సరిగా కట్టవు. నీరు నిలిస్తే గాలి అందక చస్తాయి. విత్తిన నెలకు ఒక మొక్కను వేరు తెగకుండ త్రవ్వి తీసి, బుడిపెను గోటితో చీల్చి చూస్తే లోపల లేత ఎఱ్ఱగా ఉండాలి. అది పనిచేస్తున్న బుడిపె. తెల్లగానో, పచ్చగానో ఉంటే ఆ ఏటి నేలలో ఏదో లోపించినదన్నమాట.

పులివెందుల ఎఱ్ఱనేలల కథ వేరు. అక్కడ దాచుకొనడానికి లోతు లేదు, కురిసినప్పుడే పండించుకోవాలి. అందుచేత అక్కడి పప్పు కంది. వేరుశనగ ఏడు సాళ్లకో, పదకొండు సాళ్లకో ఒక కంది సాలు వేయడం రాయలసీమ పద్ధతి. వేరుశనగ నూరు రోజులకు పోతుంది, కంది నిలిచి ఉంటుంది. కందికి పగటి నిడివి గడియారం. పగళ్లు కురుచ కాగానే పూతకు వస్తుంది. జూనులో విత్తినా, వాన రాక ఆగస్టులో విత్తినా పూచేది ఇంచుమించు ఒకే కాలానికి. ఆలస్యంగా విత్తిన మొక్క పొట్టిగానే పూచి తక్కువ కాస్తుంది. పూసే వేళ సరిగా తుపానుల వేళ. 2020 నవంబరు నివర్ తుపాను వంటివి వస్తే పూత రాలుతుంది, పూగుత్తులను గూడుకట్టి తినే పురుగు చేరుతుంది. అయినా కందికి ఒక ఔదార్యం ఉన్నది. అది స్వభావతః బహువార్షికం. మొదటి పూత పోతే, నేలలో తడి ఉంటే, మరల పూస్తుంది. శనగకు అంత వ్యవధి లేదు.

ఈ రెండింటికీ ముందటి పంట ఉలవ. చాళుక్యుల పుట్టుకకథలో వచ్చే ముడివేము అగ్రహారం పెద్దముడియమేనని చరిత్రకారులు గుర్తించినారు. ఆ ఊరి చరిత్ర అంతకన్న చాల పాతది. కుందూ లోయలోని నవీన శిలాయుగపు నివాస స్థలాల నుంచి, పెద్దముడియం మొదలైన చోట్ల నుంచి, మట్టిని నీటిలో కలిపి పైకి తేలిన మాడిన గింజలను పురాతత్త్వవేత్తలు పరీక్షించినారు. 2004లో వెలువడిన ఆ పరిశోధన ప్రకారం దక్షిణాది తొలి సేద్యగాండ్ర ముఖ్యాహారం ఉలవలు, పెసలు, అండుకొర్రల వంటి చిరుధాన్యాలు. సుమారు నాలుగువేల యేళ్ల క్రిందటి మాట ఇది. ఉలవ ఈ గడ్డ మీద పుట్టిన పంట గనుక దీని కరవు మర్యాదలు దానికి తెలుసు. అన్ని విత్తనాలకూ అదను తప్పిన నాడు చివరకు చల్లేది ఉలవలనే. విపణిలో దానికి గౌరవం తక్కువ. గుగ్గిళ్లకు, ఉలవచారుకు, ఎడ్ల దాణాకు పరిమితం చేసి మనవారు దానిని చిన్నచూపు చూచినారు. శనగ మీద జరిగిన పరిశోధనలో పదవ వంతైనా ఉలవ మీద జరిగి ఉంటే ఆ మాట వేరుగా ఉండేది.

వేడి పెరుగుతున్న ఈ కాలంలో శనగ చేలలో ఒక తెగులు బలపడుతున్నది. ఎండుకుళ్లు అని దాని పేరు. వేడి 30 డిగ్రీలు దాటి, నేలలో తడి తగ్గినప్పుడు అది వేరును పట్టుకొంటుంది; పూతకో కాయకో వచ్చిన మొక్క గడ్డివలె ఎండిపోతుంది, లాగితే వేరు పుటుక్కున తెగుతుంది. ఒకనాటి ఎండు తెగులును జయించిన రకాలకు ఇది క్రొత్త పరీక్ష. వేడిని తట్టుకొనే రకాల కొరకు వెదుకులాట కూడ సాగుతున్నది. ఆలస్యంగా విత్తినా పిందె కట్టే జె.జి. 14 అనే రకం 2009లో మధ్య ప్రదేశ్‌లో విడుదలయినది. అదే విత్తనం బర్మా, బంగ్లాదేశాలలో వేరు పేర్లతో పండుతున్నది. 1906లో స్థాపితమైన నంద్యాల పరిశోధన కేంద్రం ఈ రేగడి సీమకే తగిన రకాలను వరుసగా అందిస్తూ వచ్చినది. వాటిలో 'ధీర' నిటారుగా, ఎత్తుగా పెరిగి యంత్రపు కోతకు అనువైనది.

యంత్రం మాట రావడానికి కారణం కూలీల కొరత ఒక్కటే కాదు. శనగను ఎండిన తరువాత మిట్టమధ్యాహ్నం పీకితే కాయ చిట్లి గింజ నేలపాలవుతుంది. అందుచేత వేకువన, మంచు తడి ఆరక ముందే కోతకు దిగాలి. మొక్క మీది పులుపు ఆ తడిలో కరిగి చేతికి అంటుతుంది. రెండు గంటలకే వ్రేళ్ల సందులు మండనారంభిస్తాయి. కోతకు వచ్చే స్త్రీలు చేతులకు గుడ్డలు చుట్టుకొంటారు. ప్రొద్దెక్కేసరికి ఆ గుడ్డలు కూడ తడిసిపోతాయి.